తలుపు దగ్గరి స్టూలు

మొదటి చుక్క పడింది. బబ్లర్‌లో గ్యాసు బయటికి పోయే దారిలోని నూనె ఒక్కసారి గుడగుడమని, మళ్ళీ తన మామూలు నడకకు వచ్చింది. ఒక బుడగ, కాస్త ఆగి ఇంకొకటి, ఇంకాస్త ఆగి మరొకటి. ఫ్లాస్కులో బూడిదరంగు పొడి ద్రావకంతో పాటు గిరగిరా తిరుగుతోంది, ఏమీ ఎరగనట్టు. పూర్తి పేరు లిథియం అల్యూమినియం హైడ్రైడ్. అంత పొడుగు పేరు డబ్బా మీదే గాని ఇక్కడ ఎవరి నోటా పలకదు, అందరికీ అది హైడ్రైడే. నీటి చుక్క తగిలితే చాలు హైడ్రోజన్‌ని తన్నుకుంటూ బయటికి పంపుతుంది, అప్పుడు పుట్టే వేడికే ఆ హైడ్రోజన్ అంటుకుంటుంది. అలాంటిదాన్ని చంపడానికి మళ్ళీ నీళ్ళే కావాలి, అదే చిత్రం. ఇందాక ఇథైల్ ఎసిటేట్ చుక్కచుక్కగా వదిలి దాని పొగరు కొంత దించాను. ఇప్పుడు నీళ్ళు. ఇరవై గ్రాముల పొడికి ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళు, తర్వాత అంతే క్షారం, తర్వాత మూడింతల నీళ్ళు. అన్నీ మంచులో, అన్నీ చుక్కలుగా, గంటకు పైనే పడుతుంది. మొదలుపెట్టాక కదలకూడదు. హైడ్రైడ్ తెరిచిన గదిలో ఇద్దరు ఉండాలన్నది ఇక్కడి నియమం. ఒకరు ఆవిర్లు లాగేసే గాజు అర, ఫ్యూమ్ హుడ్ ముందు నిలబడి పని చెయ్యాలి, రెండోవారు తలుపు దగ్గరి స్టూలు మీద, పక్కన పొడి ఇసుక బకెట్టు పెట్టుకుని కూర్చోవాలి. నా వెనక స్టూలు ఖాళీగా ఉంది. తిరిగి చూడను. చూడకపోయినా వీపుకి తెలుస్తూనే ఉంది.

రాలేదు. రెండింటికి వస్తానన్నారు, రాలేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు ఆలస్యంగా వచ్చిన మనిషి కాదు, ఆయన నడక చూసి గడియారం సరిచేసుకోవచ్చని క్యాంటీన్‌లో అనుకునేవాళ్ళు. ఆ ధీమాతోనే రెండుకి పది నిమిషాల ముందే డబ్బా మూత కోశాను. మూత ఉబ్బి ఉంది, లోపలి ప్లాస్టిక్ సంచి గట్టిపడి ఉంది. గాలి తగలకుండా నైట్రోజన్ వదులుతూ మెల్లగా ఒంపుకుని, ద్రావకంలోకి దింపి, రిజిస్టరులో 'రెండో మనిషి' అన్న గడిలో ఆయన పొడి అక్షరాలు కూడా నేనే వేసేశాను, వచ్చాక పైన సంతకం పెడతారు కదా అని. రెండయింది. రెండుంపావు అయింది. బయట వాన పడబోయే గాలి, చేత్తో పిండితే నీళ్ళు కారేలా ఉంది. నైట్రోజన్ సిలిండరు ముల్లు చూస్తే ఇంకో రెండు గంటలకు మించి వచ్చేలా లేదు. మంచు కరగడం మొదలుపెట్టింది. తెరిచినదాన్ని మళ్ళీ మూసి దాచే వీల్లేదు, తెరవకుండా ఉండాల్సింది. ఇలాంటి పని ఒంటరిగా మొదలుపెట్టిన ట్రైనీలను నేనే ఎన్నిసార్లు దులిపేశాను. ఇప్పుడు నన్నెవరు దులపాలి.

ఆయన స్టోర్స్ చూసేవారు. నేను స్టోరుగారూ అని పిలిచేదాన్ని, ఆయన మేడం అనేవారు, ఇన్నేళ్ళలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలిచింది లేదు. వెనకాల మాత్రం అందరూ ఇసుక బకెట్టు అనేవాళ్ళు. ఆయనకి తెలుసు. ఒకసారి కొత్తగా చేరినవాడు "ఇసుక బకెట్ గారెక్కడండీ" అని నేరుగా ఆయన్నే అడిగితే, "నిండుగా ఉన్నాడు, ఏం కావాలి" అన్నారట. ఆ పేరు రావడానికి కారణం నేనే. చేరిన మొదటి ఏడాది. డబ్బా అడుగున గడ్డకట్టిన హైడ్రైడ్‌ని స్టీలు చెంచాతో గీకాను. గీకకూడదు, నూరకూడదు, రాపిడి తగలకూడదు, అవన్నీ చదివే పరీక్ష పాసయ్యాను. చెయ్యి మాత్రం ఏమీ చదువుకోలేదు. మంట బల్ల మీదికి పాకింది. నా చెయ్యి తనంతట తానే నీళ్ళ సీసా మీదికి పోయింది. మంటంటే నీళ్ళు, చిన్నప్పటి నుంచీ అదేగా. ఏదో లిస్టు పట్టుకుని లోపలికొచ్చిన ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "నీళ్ళు కాదు మేడం" అని, నెమ్మదిగా, దారి అడిగినవాళ్ళకి దారి చెప్పినట్టు చెప్పి, బకెట్టెడు ఇసుక తెచ్చి దాని మీద కప్పేశారు. బల్ల మీద ఆ నల్ల మచ్చ ఇంకా ఉంది, ఇదిగో, నా మోచేతి కిందే. మర్నాడు మేనేజరు ఇద్దరు మనుషుల నియమం టైపు చేయించి గోడకి అంటించాడు. రెండో మనిషి ఎవరు అంటే, నేను కూర్చుంటాను అన్నారు స్టోరుగారు. ఆయన ఉద్యోగంలో అది లేదు. అయినా కూర్చున్నారు, పంతొమ్మిదేళ్ళు.

చుక్క. గుడగుడ. చుక్క. ఫ్లాస్కు పైన గరాటులో నీళ్ళ మట్టం రెండు గీతలు దిగింది. కాళ్ళు లాగుతున్నాయి, యాభై ఒకటో ఏడు మోకాళ్ళలోంచే లోపలికి వస్తుందని వదిన అంటుంది. వదిన ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, పది నిమిషాలు తన మోకాళ్ళు, పది నిమిషాలు నా ఒంటరితనం. "ఆ సీసాలే నీకు మొగుళ్ళు, ఏ సీసా వండి పెడుతుందే నీకు" అంటుంది. నేను నవ్వుతాను. నాకు నవ్వడం బాగా వచ్చు. ఇంటికి వెళ్తే లిఫ్టులో ఆ రికార్డు గొంతు ఒకటి తలుపులు మూసుకుంటున్నాయి అని చెబుతుంది, చాలా రోజులు నాతో మాట్లాడే చివరి గొంతు అదే. ఒకరోజు దానికి సరేనమ్మా అని జవాబిచ్చి, పక్కన పై అంతస్తు పిల్ల ఉందని చూసుకుని, ఫోన్ చెవిదగ్గర పెట్టుకున్నాను. ఇంత మంది ఉన్న భవనంలో మనిషి అబద్ధపు ఫోను పట్టుకుని నిలబడటం, దీనికి ఏ రిజిస్టరులో గడి ఉంటుంది.

"ఉన్నారా మేడం?" అనేవారు. పావుగంటకోసారి. ఇటు తిరిగి ఉంటాను, ముఖానికి షీల్డు, చెవుల నిండా ఫ్యాను హోరు. ద్రావకం ఆవిరికి తల తిరిగి తూలినా వెనకనుంచి తెలియదు, అందుకని అడగాలి, జవాబు చెప్పాలి, జవాబు రాకపోతే కోటు పట్టుకుని బయటికి లాగాలి. అలా ఆయనే పెట్టిన పద్ధతి. "ఉన్నానండీ" అనేదాన్ని. కొన్నిసార్లు చిరాకుగా, కొన్నిసార్లు పరధ్యానంగా. మంచి మూడ్‌లో ఉంటే "ఎక్కడికి పోతానండీ" అనేదాన్ని. ఆయన పదవీ విరమణ చేశాక ఒక కుర్ర కెమిస్టు కూర్చునేవాడు, వాడు అడగడు, వాడి కళ్ళు కిటికీలో ఉంటాయి. ఇప్పుడు వాడూ లేడు, సెలవు. సోమవారం తనిఖీ, ఆలోపు ఖాళీ చెయ్యాలి, ఈ ఆఖరి డబ్బా గదిలో ఉండకూడదు. ఇక మీదట ఈ పని హైడ్రైడ్ లేకుండా చేస్తారట, ఇంకేదో సాధుమందు వచ్చింది, గాల్లో తెరిచినా ఏమీ అనదట. ఇక స్టూలు కూడా తీసేస్తారు కాబోలు.

గురువారం ఫోన్ చేశాను. ఎనిమిది నెలల తర్వాత. "శనివారం ఒక్క గంట రెండో మనిషిగా కూర్చోగలరా" అన్నాను. అంతే. ఎలా ఉన్నారు అని కూడా అనలేదు. అవతల ఎక్కడో కుక్కర్ కూత పెట్టింది, ఒక్కరి కోసం కుక్కర్ పెడతారా, నేను గిన్నెతోనే సరిపెడతాను. "ఎన్నింటికి" అన్నారు. "రెండింటికి." "సరే." పెట్టేశారు. అంత చిన్న సరే మీద నేను రెండు రోజులు బతికాను. ఈ చీర కూడా ఆ సరే కోసమే, పైన కోటు వేసుకుంటే కనపడదని గుర్తే లేదు.

కారిడార్‌లో ఫోను మోగుతోంది. ఆ చివర గోడకి ఉన్న ఫోను, ఇరవై అడుగులు. సెల్‌ఫోన్ లోపలికి తేకూడదు, లాకర్‌లో ఉంది. మోగనీ. రానని చెప్పడానికే అయి ఉంటుంది. వినడానికి అంత తొందరేమీ లేదు.

రిటైరైన సాయంత్రం టీ, బిస్కెట్లు, ఒక గోడగడియారం ఇచ్చి పంపేశారు ఆయన్ని. గడియారం లాంటి మనిషికి గడియారం, ఎవడి బుర్ర. అందరూ వెళ్ళాక స్టోర్స్ గదిలో తాళంచెవులు నాకు అప్పజెబుతున్నారు, పదకొండు. నాలుగోది చేతిలో పట్టుకుని ఆగారు. "మేడం, ఒక మాట. మా ఇంట్లో ఎవరూ లేరు. మీ ఇంట్లోనూ ఎవరూ లేరు. ఇద్దరం ఒక ఇంట్లో ఉంటే బాగుంటుందేమో. ఆలోచించండి." చక్కగా, స్పష్టంగా, చాలాసార్లు లోపల చెప్పుకుని వచ్చిన మాటలు అవి. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకి. నేనేమన్నాను. నవ్వాను. "ముందు మిగతా తాళాలివ్వండి స్టోరుగారూ, ఇంటి సంగతి తర్వాత" అన్నాను. నాకు భయం వేస్తే నవ్వొస్తుంది, ఎప్పుడూ అంతే, మా నాన్న పోయిన రోజు కూడా నవ్వొచ్చి పెరట్లోకి పరిగెత్తాను. ఆయనకి అది తెలియదు. ఆయన విన్నది నవ్వు మాత్రమే. అయిదోది యాసిడ్ గది, ఆరోది సిలిండర్ల షెడ్డు అని ఒక్కొక్కటే చెప్పి, పదకొండూ ఇచ్చి, గడియారం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మొదటి వారం కోపం వచ్చింది, ఇలా అడగడమేమిటని. రెండో వారం కోపం వెతికితే దొరకలేదు. రెండో నెలలో సంతకు వెళ్ళినట్టు వెళ్ళి ఒక కుర్చీ కొన్నాను. నా ఇంట్లో బల్లకి ఒకటే కుర్చీ ఉండేది. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు, తీస్తే ఎందుకు కొన్నావని నన్ను నేనే అడగాలి. ఇవాళ చెప్పాలనుకున్నాను. ఫ్లాస్కు తెల్లబడ్డాక, చేతి తొడుగులు తీశాక, నవ్వకుండా. రెండు రోజులు అద్దం ముందు నవ్వకుండా ఉండటం నేర్చుకున్నాను. ఆయన రాకపోతే ఇక నేను ఫోన్ చెయ్యను, నాకు తెలుసు నా సంగతి. హైడ్రైడ్ అయిపోయాక నా దగ్గర ఇంకే వంకా లేదు.

హోరు ఆగిపోయింది.

కరెంటు. ఫ్యాను ఆగింది, కలియబెట్టే మోటారు ఆగింది. గరాటు కొళాయి కట్టెయ్, ముందు కొళాయి. కట్టేశాను. హుడ్ అద్దం దించాను. పొడి మెల్లగా అడుక్కి దిగుతోంది, పైన కలవని నీళ్ళు ఎక్కడో ఉన్నాయి, ఎన్ని చుక్కలో తెలియదు. కరెంటు పోతే కొళాయి కట్టండి, అద్దం దించండి, నా దగ్గరికొచ్చి నిలబడండి, అని ఆయన చెప్పేవారు. తలుపు దాకా వచ్చాను. స్టూలు మీద కూర్చున్నాను. ఈ గదిలో ఇన్నేళ్ళు ఉండి ఈ స్టూలు మీద కూర్చోవడం ఇదే మొదలు. ఒక కాలు పొట్టి, కొంచెం ఊగుతోంది. ఇంత ఊగే స్టూలు మీదా ఆయన అంత కదలకుండా కూర్చున్నది. నిశ్శబ్దంలో కారిడార్ ఫోను మళ్ళీ మోగింది. తలుపు తీస్తే ఇరవై అడుగులు. ఫ్లాస్కు కనుచూపు దాటకూడదు. మోగి మోగి ఆగింది.

అప్పుడు చూశాను. హుడ్ అద్దంలో, నేను బల్ల అంచున వదిలేసిన సీసా ప్రతిబింబం. సీసా లేబులు అటువైపు తిరిగి ఉంది, స్టూలు మీది వాళ్ళకి నేరుగా కనపడే వీల్లేదు. అద్దంలో కనపడుతోంది, తిరగబడినా ఒక్కో అక్షరం చదవొచ్చు. నేను నిలబడే చోటు అదే. ఎవరైనా అక్కడ నిలబడితే వాళ్ళ మొహం ఇక్కడి నుంచి పూర్తిగా కనపడుతుంది, షీల్డు వెనక కళ్ళతో సహా. లేచి అక్కడికెళ్ళి నిలబడితే అద్దంలోంచి ఫ్లాస్కే కనపడుతుంది, ఇన్నేళ్ళూ నాకు అదే కనపడింది. అంటే తూలుతున్నానో లేదో ఆయనకి తెలుసు. అడగక్కర్లేదు. నేను పెదవి కొరుక్కోవడం, నాలో నేను గొణుక్కోవడం, వదినతో ఊహలో పోట్లాడటం, అన్నీ చూస్తూనే ఉన్నారు. చూస్తూనే అడిగారు. నా గొంతు వినడానికి అడిగారు. నేను ఎన్నిసార్లు చిరాగ్గా చెప్పాను.

ఏడుపొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. షీల్డు లోపల ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు, తొడుగులతో ముట్టుకోకూడదు, కారనివ్వాలి. మనిషి ఒంట్లో ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఇలాంటి పొడి దగ్గర ఉద్యోగం చెయ్యడమేమిటి.

కరెంటు వచ్చింది. ఫ్యాను, తర్వాత మోటారు. లేచి వెళ్ళేలోపే బబ్లర్ గలగలమంది. అడుగున కూర్చున్న పొడి, పైన ఆగిన నీళ్ళు ఒక్కసారిగా కలిశాయి. నురుగు లేస్తోంది, ఫ్లాస్కు మెడ దాకా, బూడిద నురుగు, పాలు పొంగినట్టు. మంచు. మిగిలిన మంచు మొత్తం ఫ్లాస్కు చుట్టూ ఉన్న తొట్టిలోకి. నైట్రోజన్ పెంచు. ముట్టుకోకు, ఇంకేమీ చెయ్యకు. చేతులు ఏదో ఒకటి చెయ్యమంటాయి, మొదటి ఏడాది కూడా అలాగే అన్నాయి. నీళ్ళు కాదు మేడం. నిలబడు. "ఉన్నానండీ" అన్నాను పైకి, గట్టిగా, ఎవరూ అడగని దానికి. "ఉన్నాను, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను." నురుగు మెడ దగ్గర కాసేపు నిలబడి, ఆలోచించి, ఒక వేలు దిగింది. ఇంకో వేలు. బబ్లర్ మళ్ళీ ఒకటీ ఒకటీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కారిడార్‌లో మూడోసారి ఫోను. ఈసారి దాని వైపు తల కూడా తిప్పలేదు.

తర్వాత అంతా చుక్కలే. నీళ్ళ తర్వాత క్షారం, క్షారం తర్వాత మళ్ళీ నీళ్ళు. బూడిదరంగు అంచుల నుంచి వెలిసిపోతూ, మచ్చలు మచ్చలుగా తెల్లబడి, చివరికి తడిసిన సుద్దలా అడుక్కి దిగింది. ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా ఏమీ అనదు. మోటారు ఆపాను. రిజిస్టరు తెరిచి నేను వేసిన ఆ రెండు పొడి అక్షరాలు చూశాను. లేని మనిషిని ఉన్నాడని రాశాను. కొట్టెయ్యాలి. పెన్ను పట్టుకుని కొట్టెయ్యలేక, శనివారాలు తాళాలూ రిజిస్టరూ గేటు దగ్గరే ఇవ్వాలి కదా, అక్కడే కొట్టేద్దామని చంకలో పెట్టుకుని మెట్లు దిగాను.

వాన పడుతోంది. గేటు గదిలో, కొత్త గార్డు పక్కన, నిప్పు ఆర్పే బకెట్ల వరస దగ్గర స్టూలు మీద స్టోరుగారు కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద తడి గొడుగు. చూపు మూడో అంతస్తు కిటికీ మీద.

గార్డు లేచాడు. "రెండుకి అయిదు నిమిషాల ముందే వచ్చారు మేడం. పాసు లేదు. రిటైరైనవాళ్ళు బయటివాళ్ళ కిందే లెక్క, రాసిచ్చిన పాసు లేకుండా పంపకూడదు. మీరే దిగొస్తారేమోనని కాసేపు చూసి, పైకి మూడుసార్లు ఫోన్ చేశాను."

పాసు. బయటివాళ్ళు వస్తే ముందురోజే పాసు రాయాలి. వందసార్లు రాశాను, పైపులు బాగుచేసేవాళ్ళకి, తనిఖీవాళ్ళకి. ఈయన బయటివారని నాకు తట్టనే లేదు.

"మొదటిసారి ఎత్తకపోతే అప్పుడే తెలిసింది, మొదలైపోయిందని" అన్నారాయన. "కరెంటు పోయింది. పైన ఫ్యాను ఆగడం ఇక్కడికి వినపడింది. ఒక్కదానివే మొదలుపెడతావా? ఏమన్నా అయితే?"

"డబ్బా తెరిచేశాను. మీరు వస్తారని."

"తెల్లబడిందా?"

"తెల్లబడింది."

ఆయన చెయ్యి చాపారు. రిజిస్టరు ఇచ్చాను. తన అక్షరాలు చూసుకున్నారు, నా వైపు చూశారు. గార్డు దగ్గర పెన్ను తీసుకుని ఆ గడిలో సంతకం పెట్టి, పక్కన ఖాళీలో చిన్నగా రాశారు. గేటు దగ్గర, 1.55 నుంచి. తర్వాత గొడుగు దులిపి లేచారు. పని అయింది కాబట్టి లేచారు, ఎప్పుడూ అంతే. రెండడుగులు వేస్తే రోడ్డు.

నవ్వొస్తోంది. పళ్ళు బిగించాను.

"మీకు పాసు రాయాలని నాకు తోచలేదు" అన్నాను. "బయటివాళ్ళకి కదా రాసేది. ఆ రోజు తాళాలప్పుడు మీరు ఆలోచించమన్నారు. భయమేసి నవ్వాను. ఇప్పుడు కూడా వేస్తోంది. నా ఇంట్లో రెండో కుర్చీ ఉంది. మీ కోసమే కొన్నాను. ఆర్నెల్లయింది, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు."

గార్డు వానని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. స్టోరుగారు గొడుగు సగం తెరిచి, అలాగే పట్టుకుని నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆర్నెల్లా?" అన్నారు. "అన్నాళ్ళు కవర్లో ఉంచకూడదు మేడం. లోపల చెమ్మ చేరుతుంది."

"తియ్యడానికి ఒక్కదాన్నే ఉన్నాను."

ఆయన గొడుగు పూర్తిగా తెరిచారు. ఇద్దరికీ సరిపడేలా కాస్త ఇటు వంచి, రోడ్డు వైపు చూస్తూ అడిగారు.

"మీ ఇంటికి ఎన్నో నంబరు బస్సు?"